జీరో బోర్డు మీద ఏటీమెగా 328పి: కరెంటు వస్తోంది, ప్రోగ్రామ్ ఎక్కడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేడ మీద ఐదు చోట్ల మట్టి తేమ చూసి చిన్న 12 వోల్టుల పంపు నడపాలి. ఐదుకీ ఆర్డుయినో యూనో బోర్డులు కొనలేక, జీరో బోర్డు (చిల్లుల బోర్డు) మీద యూనోలో ఉండే ఏటీమెగా 328పి చిప్‌కు ఐసీ బేస్ పెట్టి ఒకటి తయారుచేశాను. చిప్ కొత్తది, ఖాళీది. 7వ పిన్‌కు 5 వోల్టులు, 8కి గ్రౌండ్, 9, 10 పిన్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు. సీపీ2102 మాడ్యూల్ (కంప్యూటర్ యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది) టీఎక్స్‌ను (పంపే పిన్) చిప్ టీఎక్స్‌కు, ఆర్ఎక్స్‌ను (అందుకునే పిన్) ఆర్ఎక్స్‌కు కలిపాను. అప్‌లోడ్ కొడితే "నాట్ ఇన్ సింక్" అని పదిసార్లు వచ్చి ఆగిపోతోంది. చిప్ కాలిపోయిందా?

జవాబు:
కాలిపోయి ఉండదండీ. మీరు రాసినదాంట్లోనే కారణాలు ఉన్నాయి.

మొదటిది, ఖాళీ చిప్‌లో బూట్‌లోడర్ (సీరియల్ ద్వారా మీ ప్రోగ్రామ్‌ను అందుకునే చిన్న ప్రోగ్రామ్) ఉండదు. అది లేకుండా సీపీ2102 ఎంత పిలిచినా పలికేవాళ్ళే లేరు. పైగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిప్ మీ క్రిస్టల్‌ను అసలు చూడదు. లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది.

రెండోది, టీఎక్స్, ఆర్ఎక్స్ అడ్డంగా మారాలి. మాడ్యూల్ టీఎక్స్ చిప్ 2వ పిన్‌కు, మాడ్యూల్ ఆర్ఎక్స్ 3వ పిన్‌కు.

మూడోది, 20వ పిన్‌కు కూడా 5 వోల్టులు, 22కు గ్రౌండ్ ఇవ్వాలి. ఏడీసీ (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం) వాడను కదా అని చాలామంది 20ని వదిలేస్తారు. మీరు తేమ సెన్సర్ చదవాల్సింది ఆ ఏడీసీతోనే. 21ని మాత్రం 5 వోల్టులకు కలపకండి, ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్‌తో గ్రౌండ్‌కు దించండి.

7-8 మధ్య ఒకటి, 20-22 మధ్య ఒకటి 104 సిరామిక్ కెపాసిటర్లు పెట్టండి. బోర్డు మూలన ఎక్కడో పెడితే ఉపయోగం లేదు. బోర్డు అడుగున, ఐసీ బేస్ పిన్లకే నేరుగా, కాళ్ళు పొట్టిగా కత్తిరించి అతికించండి. 1వ పిన్ (రీసెట్) నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా కావాలి. అది లేకపోతే చిప్ ఊరికే రీసెట్ అయిపోవచ్చు.

ఇవన్నీ అతికించాక చిప్ పెట్టకుండానే మీటర్‌తో చూడండి. 7, 20 పిన్లలో 5 వోల్టులు, 1లో కూడా 5, 8-22 మధ్య బజర్ మోగాలి. ఆ తర్వాతే చిప్ పెట్టండి.

మరో జవాబు:
బూట్‌లోడర్ ఎక్కించడానికి యూనో ఒకటి చాలు, ఎవరిదైనా ఒక గంట అడిగి తెచ్చుకోండి. ముందుగా యూనోలోకి ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్) ఉదాహరణల్లోని "ఆర్డుయినో ఐఎస్‌పీ" స్కెచ్ (యూనోను వేరే చిప్‌లో నేరుగా రాసే పరికరంగా మార్చే ప్రోగ్రామ్) ఎక్కించండి. అది ఎక్కిన తర్వాతే యూనో రీసెట్, గ్రౌండ్ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి, ప్లస్ రీసెట్ వైపు. ముందే పెడితే స్కెచ్ ఎక్కదు. అసలు పెట్టకపోతే బూట్‌లోడర్ రాసేటప్పుడు యూనోయే రీసెట్ అయిపోతుంది.

యూనో 10 నుంచి చిప్ 1కి, 11 నుంచి 17కి, 12 నుంచి 18కి, 13 నుంచి 19కి, 5 వోల్టులు, గ్రౌండ్ కూడా. టూల్స్‌లో బోర్డు "యూనో", ప్రోగ్రామర్ "ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పీ" ఎంచుకోండి. దాదాపు అదే పేరుతో "ఆర్డుయినోఐఎస్‌పీ" అని ఇంకోటి ఉంటుంది, అది కాదు. ఇక "బర్న్ బూట్‌లోడర్" నొక్కండి.

సిగ్నేచర్ (చిప్ రకం చెప్పే కోడ్) 1ఈ 95 0ఎఫ్ వస్తే 328పి. 1ఈ 95 14 వస్తే మీకు పి లేని 328 అమ్మారు. అదీ పనిచేస్తుంది, కానీ ఐడీఈ ఒప్పుకోదు, చిప్ వివరాలు మార్చుకోవాలి. మొత్తం సున్నాలు వస్తే వైర్లు మళ్ళీ చూడండి.

అడిగినవారు:
వైర్లు సరిచేశాను, 1ఈ 95 0ఎఫ్ వచ్చింది, బూట్‌లోడర్ రాసింది. కానీ ఇప్పుడు రెండోసారి ఐఎస్‌పీతో చూస్తే సున్నాలే వస్తున్నాయి!

జవాబు:
అంటే క్రిస్టల్ తిరగడం లేదు. మొదటిసారి చిప్ లోపలి గడియారం మీద నడిచింది కాబట్టి పలికింది. బూట్‌లోడర్‌తో పాటు ఫ్యూజులు (చిప్ లోపలి సెట్టింగులు) మారి బయటి క్రిస్టల్ తప్పనిసరి అయింది. గడియారం లేకపోతే ఐఎస్‌పీ కూడా మాట్లాడదు.

క్రిస్టల్ 9, 10 పిన్లకు సెంటీమీటర్ లోపు ఉండాలి. రెండు 22 పికోఫారడ్‌ల గ్రౌండ్ 8వ పిన్‌కే నేరుగా వెళ్ళాలి. వాటి మీద "22" అనే ఉందా? "223" అని ఉంటే అది 22 నానోఫారడ్, వెయ్యి రెట్లు ఎక్కువ, క్రిస్టల్ కదలదు. పిన్ల మధ్య ఫ్లక్స్ మురికి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అప్పటికీ లేవకపోతే నాలుగు కాళ్ళ 16 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ అవుట్‌పుట్‌ను 9వ పిన్‌కు ఇచ్చి చూడండి. చిప్ పలికితే తప్పు క్రిస్టల్‌దే.

అడిగినవారు:
223లే అండీ! మార్చగానే పనిచేసింది, 19వ పిన్ ఎల్ఈడీ మిణుకుమంటోంది. కానీ ప్రతిసారీ రీసెట్ బటన్ సమయానికి వదిలితేనే ప్రోగ్రామ్ ఎక్కుతోంది.

మరో జవాబు:
మాడ్యూల్ డీటీఆర్ పిన్ (కంప్యూటర్ పోర్టు తెరిచినప్పుడు కిందికి దిగే సిగ్నల్) నుంచి చిప్ 1వ పిన్‌కు మధ్యలో ఒక 104 కెపాసిటర్ పెట్టండి. నేరుగా వైరు కలిపితే పోర్టు తెరిచి ఉన్నంతసేపూ చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. డీటీఆర్ తిరిగి పైకి లేచినప్పుడు 1వ పిన్ మీద వోల్టేజీ 5 దాటి ఎగురుతుంది, దాన్ని ఆపడానికి 10 కిలో ఓమ్‌కు సమాంతరంగా ఒక 1ఎన్4148 డయోడ్, గీత ఉన్న వైపు 5 వోల్టులకు. కొన్ని చౌక సీపీ2102 మాడ్యూళ్ళలో డీటీఆర్ బదులు ఆర్ఎస్‌టీ అని ఉంటుంది, అది ఆ మాడ్యూల్ సొంత రీసెట్, మీకు పనికిరాదు.

ఐదు బోర్డులకూ ఈ ఒక్క మాడ్యూల్ చాలు. ఆరు పిన్ల బెర్గ్ స్ట్రిప్ పెట్టుకుని ప్రోగ్రామ్ ఎక్కించి తీసేయండి. ఇంట్లో చేసుకోవడంలో అసలు ఆదా ఇక్కడే. ఒక్క బోర్డే కావాలంటే రెడీమేడ్ ఆర్డుయినో నానో కొనమనే చెప్పేదాన్ని.

జవాబు:
పంపు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పంపును రిలేతో నడిపేటట్టయితే, 5 వోల్టుల రిలే కాయిల్ దాదాపు 70 మిల్లీఆంపియర్లు లాగుతుంది. చిప్ పిన్ గరిష్ఠ పరిమితే 40. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, బేస్‌కు 1 కిలో ఓమ్, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 తప్పనిసరి.

12 వోల్టుల నుంచి 7805 (5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్ ఐసీ)తో దించితే 100 మిల్లీఆంపియర్ల దగ్గర 0.7 వాట్ వేడి పుడుతుంది. హీట్‌సింక్ లేకపోతే గాలి కన్నా 45 డిగ్రీలు పెరుగుతుంది. మే నెల మేడ మీద, మూసిన డబ్బాలో అది చాలా ఎక్కువ. 12 వోల్టుల కాయిల్ ఉన్న రిలే తీసుకోండి. ఆ కరెంటు 7805 గుండా పోదు, వేడి చాలావరకు తగ్గిపోతుంది. 7805కు ముందు ఒక 1ఎన్4007, దాని తర్వాత 470 మైక్రోఫారడ్ పెడితే పంపు మొదలైనప్పుడు అడాప్టర్ వోల్టేజీ పడినా చిప్ తట్టుకుంటుంది.

తేమ సెన్సర్ రెండు ఊచల రకమైతే దానికి ఎప్పుడూ 5 వోల్టులు ఇచ్చి ఉంచకండి, ఊచలను తుప్పు తినేస్తుంది. ఒక డిజిటల్ పిన్ నుంచి కొలిచే క్షణంలో మాత్రమే ఇవ్వండి.

పంపు గ్రౌండ్ వైరు మాత్రం చిప్ గ్రౌండ్ గీత మీదుగా పోనివ్వకండి. అడాప్టర్ సాకెట్ దగ్గరే రెండూ విడిపోవాలి, లేకపోతే పంపు తిరుగుతున్నంతసేపూ తేమ రీడింగ్ ఎగిరిపడుతూ ఉంటుంది.