అబ్బ దేవుని దగ్గరికి పోయినాడంటే, పాప గుళ్లో వెతుకుతాంది

కడప అమ్మ:
పాపకు నాలుగున్నరేండ్లు. సంక్రాంతి అయినాక మా మామయ్య, అంటే పాప వాళ్ల అబ్బ (తాత), చనిపోయినారు. "అబ్బ దేవుని దగ్గరికి పోయినాడు" అని పెద్దోళ్లు పాపకు చెప్పినారు. అప్పుడు గమ్మునే ఉండింది. పోయిన శనివారం దేవుని కడప గుడికి తీస్కపోతే, లైన్లో నిలబడినప్పటి నుంచీ మనుషుల సందుల్లోంచి తొంగి చూస్తా ఉంది. స్వామి ముందరికి పోయినాక అయ్యవారిని గట్టిగా అడిగింది: "మా అబ్బ లోపలున్నాడా? చెప్పులు ఇంట్లోనే మర్చిపోయినాడు." తీర్థం పోస్తా ఉన్న ఆయన చెయ్యి అట్లే ఆగిపోయింది. వెనకున్నోళ్లు నవ్వినారు, నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. బయటికొచ్చినాక ఒకటే ఏడుపు, దేవుడు అబ్బను పంపించడం లేదని. ఇప్పుడు దండం పెట్టమన్నా పెట్టదు. ఇంత చిన్నబిడ్డకు చావు గురించి ఎట్ల చెప్పాల? మీ ఇండ్లల్లో ఎట్ల చెప్పినారు?

అనంతపురం టీచర్:
అక్కా, నేను ప్రైమరీ స్కూల్లో పని చేస్తాను. డీఎస్సీకి చదివినోళ్లకు పియాజె గుర్తుంటాడు, పిల్లల ఆలోచన ఎట్ల పెరుగుతాదో చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త. 2 నుంచి 7 ఏండ్ల దాకా పూర్వ ప్రచాలక దశ అంటాడు. ఆ వయసులో చెప్పింది చెప్పినట్లే తీసుకుంటారు. దేవుని దగ్గర ఉన్నాడంటే, పోయి పిల్చుకొచ్చే చోటే అనుకుంటారు. మీ పాప ఆలోచన సరిగ్గానే ఉంది, మనం చెప్పిందాన్ని బట్టి. "నిద్రపోయినాడు" అని మాత్రం చెప్పొద్దండి. మా క్లాసులో ఒక పిల్లోడు ఆ మాట విని రాత్రి పడుకోడానికే భయపడినాడు. "చనిపోయినాడు" అనే చెప్పండి. ఊపిరి ఆడదు, ఆకలి కాదు, నొప్పి ఉండదు, మళ్లీ రాడు. ఏం జబ్బో కూడా చెప్పండి, లేకుంటే రేపు మీకు జలుబు చేసినా బెదిరిపోతాది. మళ్లా మళ్లా అడుగుతుంది. విసుక్కోకుండా అవే మాటలు చెప్పండి.

కర్నూలు అన్న:
మాది చావు సంగతి కాదు గానీ ఇట్లాంటిదే. 2009 అక్టోబర్ వరదప్పుడు మా తమ్మునికి ఐదేండ్లు. తుంగభద్రమ్మకు కోపమొచ్చి ఊర్లోకి వచ్చిందని మా అవ్వ చెప్పింది. ఇంట్లో బురదంతా ఎత్తిపోసినాక గూడా వాడు కొళాయి తిప్పే ముందు దానికి మొక్కేవాడు. చెంబు నీళ్లు ఒలికితే "తప్పైంది తల్లీ" అని వణికేవాడు. మా నాయన వాన్ని నది కాడికి తీస్కపోయి, ఇసకలో పుల్లతో గీసి చూపించినాడు: పైన వానలు ఎక్కువైనాయి, కింద శ్రీశైలం డ్యాం నిండింది, నీళ్లకు పోను దావ లేక మన వీధుల్లోకి ఎక్కినాయి అని. ఒక్కరోజుతో పోలేదు ఆ భయం. చానా ఆదివారాలు పట్టింది. బిడ్డలకు ఊరికే చెప్తే చాలదక్కా, కంటికి చూపించాల.

కడప అమ్మ:
ఇద్దరికీ దండాలు. గుండెపోటు అనే చెప్తాం, మా ఆయనా నేనూ కూర్చోని. మా అత్తమ్మ ముందు ఒప్పుకోలేదు, దేవుని దగ్గర లేడని ఎట్ల చెప్తారని. దేవుని మాట నువ్వు చెప్పుకో, చనిపోయినాడన్నది మేం చెప్తాం అని సర్ది చెప్పినాను. పాప ఎల్‌కేజీ మేడమ్‌కు గూడా చెప్పాల్నా?

అనంతపురం టీచర్:
ముందు ఆమెకే చెప్పండి. మీరు ఇంట్లో ఏ మాటలు వాడినారో అవే ఆమెను వాడమనండి. పాప బళ్లో అడుగుతాది, అక్కడ ఇంకో జవాబొస్తే మళ్లా మొదటికొస్తాది.