షిట్జూకి గైడ్ కోంబ్ కింద 10 నంబర్ బ్లేడా, 30 నంబరా?

మా షిట్జూ కుక్కకి ఒంటి మీద జుట్టు 13 మి.మీ. ఉండేలా ఇంట్లోనే కత్తిరించాలి. క్లిప్పర్ ఏ5 రకం, బ్లేడ్ ఊడదీసి మార్చుకోవచ్చు. ప్రస్తుతం ఉన్నది 10 నంబర్ బ్లేడ్ (జుట్టు 1.5 మి.మీ. మిగులుస్తుంది), దాని మీద ప్లాస్టిక్ గైడ్ కోంబ్ (జుట్టు ఇంకా పొడవుగా మిగలడానికి బ్లేడ్ మీద తొడిగే దువ్వెన). స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి, చిక్కులు తీసి, జుట్టు వాలు వెంటే నడుపుతున్నాను. వీపు మీద బాగానే వస్తోంది. పక్కటెముకల దగ్గరే చారలు పడుతున్నాయి, కోంబ్ పళ్ల మధ్య జుట్టు ఇరుక్కుంటోంది.

కోంబ్ కింద 30 నంబర్ (0.5 మి.మీ.) అయితే పళ్లు సన్నగా, దగ్గరగా ఉంటాయి కనుక జుట్టు సాఫీగా తెగాలి. కానీ కోంబ్ జారితే ఆ చోట దాదాపు చర్మం దాకా పోతుంది. చంకలు, తొడల మడతల్లో చర్మం తెగుతుందనే నా భయం. స్టీల్ కోంబ్ బిగుతుగా నిలుస్తుందా?

లేక కోంబ్ మానేసి 4ఎఫ్ బ్లేడ్ (9.5 మి.మీ., పళ్లన్నీ సమానంగా ఉండేది) తీసుకోవడం మేలా? పొడవు కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఎఫ్ లేని స్కిప్ టూత్ (ఒకటి విడిచి ఒకటి పొట్టి పళ్లుండే) బ్లేడ్ మాత్రం వద్దు, వెడల్పాటి సందుల్లో చర్మం చిక్కుకుంటుంది.

30 మీద కోంబ్, 4ఎఫ్ రెండూ వాడినవాళ్లు చెప్పండి: మెత్తటి షిట్జూ జుట్టు మీద ఏది చారలు లేకుండా వస్తుంది?