‘షినయక’ను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న:
జపనీస్ నేర్చుకుంటున్నాను. ‘షినయక’ అనే విశేషణానికి సులువుగా వంగేదనీ, సొగసుగా కదిలేదనీ నిఘంటువు రెండు అర్థాలు ఇస్తోంది. అలాగైతే రొట్టె, దిండు వంటి మెత్తని వస్తువులకు కూడా దీన్ని వాడవచ్చా? ‘యవరకై’ (మెత్తని), ‘జూనన్’ (సులువుగా వంగే, సాగే) అనే మాటలకూ దీనికీ ఉన్న తేడాను ఎవరైనా వివరించగలరా?

మొదటి సమాధానం:
రొట్టెకు, దిండుకు, తోఫుకు (సోయా పాలతో చేసే మెత్తని జున్నుకు) ‘యవరకై’ మాత్రమే సరిపోతుంది. ‘షినయక’లో మెత్తదనం కంటే, విరగకుండా వంగి మళ్లీ నిటారుగా నిలిచే సత్తువ ముఖ్యం. వంగడం అనే అర్థమున్న ‘షినౌ’ క్రియకు ఇది చుట్టం కనుక వెదురుకు, విల్లో చెట్టు కొమ్మకు, పిల్లి ఒంటికి చక్కగా నప్పుతుంది. విల్లో కొమ్మ మంచు బరువుకు విరగదని చెప్పే ‘యనగి ని యుకిఒరె నషి’ అనే జపనీస్ సామెతలో ఈ మాట లేకపోయినా దీని భావమంతా ఉంది. అందుకే తెలుగులో దీన్ని ‘నాజూకు’ అనడం నాకు నచ్చదు. నాజూకైనది తేలిగ్గా విరుగుతుంది. ఇక వ్యాకరణానికి వస్తే ఇది ‘న’ విశేషణం: నామవాచకానికి ముందు ‘షినయకన’, క్రియకు ముందు ‘షినయకని’, గుణాన్ని చెప్పేటప్పుడు ‘షినయకస’ అవుతుంది.

రెండవ సమాధానం:
ఒళ్లు బాగా వంగుతుందని మామూలుగా చెప్పడానికి జపనీయులు ‘కరద గ యవరకై’ అంటారు, ఒళ్లు సాగదీసే వ్యాయామాన్ని ‘జూనన్ తైసో’ అంటారు. అదే ఒళ్లు నాట్యంలో ఒడుపుగా, బిగువు సడలకుండా కదిలినప్పుడు ‘షినయక’ అన్న మాట వస్తుంది కనుక, కూచిపూడి నర్తకి చేతుల కదలికను ‘షినయకన ఉగొకి’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. ఈ మాట చట్టాల భాషలోకి కూడా వెళ్లింది. విపత్తులను తట్టుకునే దేశాన్ని నిర్మించడానికి జపాన్ 2013 డిసెంబరులో చేసిన చట్టం పూర్తి పేరులో ‘త్సుయొకు షినయకన’, అంటే బలమైన, దెబ్బ తిన్నా తిరిగి కోలుకోగల, ప్రజాజీవనం అనే భావం కనిపిస్తుంది.

మూడవ సమాధానం:
మొదటి సమాధానం కొంచెం బిగుసుకున్నట్లుంది. మృదువుగా వంగే తోలుకు, జాలువారే వస్త్రానికి, జుట్టుకు కూడా ‘షినయక’ వాడతారు. అక్కడ తిరిగి నిలబడే గుణం కంటే చక్కగా ఒదిగే గుణమే ప్రధానం. అయితే ‘షితొయక’ అనే మాటతో మాత్రం దీన్ని కలపకండి. అది ఎక్కువగా స్త్రీల అణకువ గల నడవడిని చెబుతుంది, ఒంటి కదలికలోని సాగే గుణాన్ని కాదు.