గ్రాండ్ కాన్యన్ వయసు 7 కోట్ల ఏళ్లా, 60 లక్షలా? అపటైట్ మాట ఎంతవరకు నమ్మాలి?

శిలాశోధి:
అమెరికాలోని ఈ కాన్యన్ పశ్చిమ భాగం 7 కోట్ల ఏళ్ల కిందటే దాదాపు ఇప్పటి లోతుకు తెగిందని 2012లో ఫ్లవర్స్, ఫార్లీ అనే పరిశోధకులు తేల్చారు. రాళ్లలో ఉండే అపటైట్ అనే ఖనిజంలో యురేనియం, థోరియం క్షీణిస్తే హీలియం పుడుతుంది; ఎంత నిలిచిందో చూస్తే రాయి ఎప్పుడు చల్లారిందో తెలుస్తుంది. సుమారు 80 డిగ్రీలు దాటితే అది నిలవదు, 40 లోపు దాదాపు అంతా నిలుస్తుంది. అడుగు రాళ్లు అప్పటికే 30 డిగ్రీల లోపు చల్లారాయంటే పైన మందపాటి రాయి లేనట్టే కదా?

నదీతీరం:
రాయి చల్లారడం వేరు, లోయ తెగడం వేరు. పై పొరల చరియ వెనక్కి జరుగుతూ పోయినా కింది రాయి చల్లారుతుంది. పైగా కాన్యన్ పడమటి వాకిట్లో, గ్రాండ్ వాష్ గుంటలో, 60 లక్షల ఏళ్లకు ముందటి అవక్షేపాల్లో, కాన్యన్‌ను కోసిన కొలరాడో నది ఇసుకే లేదు. మరి నది ఏది?

శిలాశోధి:
అదే నది కావాలనేముంది? 2011 నాటి భూశాస్త్రజ్ఞుడు వెర్నికీ ప్రతిపాదనలో పాత నది తూర్పుకు పారింది.

ల్యాబ్ కాకి:
ముందు కొలిచే అపటైట్ గింజలు చూడండి. క్షీణతలో వెలువడే ఆల్ఫా కణం, అంటే హీలియం కేంద్రకం, సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోతుంది. గింజ వెడల్పు 60 మైక్రాన్లకు తగ్గితే అంచుల్లో పోయిన హీలియానికి చేసే సవరణే వయసును శాసిస్తుంది. లోపల యురేనియం ఉన్న జిర్కాన్ అనే మరో ఖనిజం తునక ఉంటే మరీ చిక్కు: హీలియం కొలవడానికి వాడే లేజర్ వేడికి దాని హీలియం లెక్కలోకి వస్తుంది, యురేనియం కొలవడానికి గింజను కరిగించే నైట్రిక్ ఆమ్లంలో అది కరగదు కనుక దాని యురేనియం రాదు. వయసు ఉబ్బుతుంది. గింజను ఆల్కహాల్‌లో ఉంచి, మైక్రోస్కోపులో క్రాస్డ్ పోలరాయిడ్ల (అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్ల) కింద తిప్పి చూడాలి. రెండోసారి వేడిచేసినా హీలియం గట్టిగా వస్తుంటే పారేయాలి.

గింజ మంచిదైనా అసలు పేచీ రేడియేషన్ దెబ్బది. దెబ్బతిన్న స్ఫటికం హీలియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రాయి పూడి వేడెక్కితే ఆ దెబ్బ మానుతుంది. మానే వేగం అంచనా మార్చితే అదే డేటా కుర్ర లోయకూ సరిపోతుందని 2014లో ఫాక్స్, షుస్టర్ చూపారు.

నదీతీరం:
కార్ల్‌స్ట్రమ్ బృందం అదే ఏడాది ముక్కలుగా చూసింది: కాన్యన్‌లో హరికేన్ అనే భాగం 7–5 కోట్లు, తూర్పు భాగం 2.5–1.5 కోట్లు, మార్బుల్ కాన్యన్, పడమటి చివర 60–50 లక్షల ఏళ్లు. మొత్తానికి ఒకే వయసు అడగడమే పొరపాటు.

శిలాశోధి:
హరికేన్ వరకు సరే. పడమటి చివర ఒప్పుకోను.

ల్యాబ్ కాకి:
భూమిలో లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు 25 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే, 300 మీటర్ల కోత అంటే 7–8 డిగ్రీలే. శిలాశోధి గారూ, అంత సన్నని తేడాను ఒక్క అపటైట్‌తో పట్టగలమా? ఒకే రాయిలో యురేనియం తక్కువున్న, ఎక్కువున్న గింజలు కలిపి కనీసం నాలుగైదు కొలిచి, విడివిడిగా పట్టికలో పెట్టండి. సగటు మాత్రం వద్దు.