కబడ్డీనా, అథ్లెటిక్సా? మా అక్క కూతురికి సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అక్క కూతురు జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. కబడ్డీలో రైడర్, ఖోఖో ఆడుతుంది, లాంగ్‌జంప్, 200 మీటర్లలో స్కూల్ ఫస్ట్. పొద్దున చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో పరుగు, సాయంత్రం కబడ్డీ. మోకాళ్ల మీద ఒక దెబ్బ మానకముందే ఇంకోటి.

పీఈటీ సారేమో అండర్-17 సెలక్షన్లకు కబడ్డీ ఒక్కటే పట్టుకోమంటున్నారు. నాకేమో హెప్టాథ్లాన్ మీద మనసు. అందులో హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200, లాంగ్‌జంప్, జావెలిన్, 800 కలిపి రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు. మన తెలుగమ్మాయి అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది అందులోనే. కానీ మా పాప జావెలిన్ చేత్తో కూడా పట్టలేదు! మా బావకు టెన్త్ మార్కుల టెన్షన్, అది వేరే కథ.

పద్నాలుగేళ్లకు హర్డిల్స్, త్రోలు మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా? ఇంకో ఏడాది రెండూ ఆడిస్తే మోకాళ్లకు ప్రమాదమా? తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ స్టేడియం వైపు గానీ, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో గానీ ఆడపిల్లలకు ఇవి నేర్పే కోచ్ ఉన్నారా? ఉంటే ఫీజు, హాస్టల్ సంగతి కూడా చెప్పండి. రోజూ బస్సులో పంపడం మావల్ల కాదు.