2021 సెప్టెంబర్ 1 నుంచి మళ్లీ బడి: కరోనా రోజుల్లో పాపను, ఇంట్లో పెద్దావిడను ఎలా చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ దగ్గర పల్లె. పాప సర్కారు బడిలో నాలుగో తరగతి. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసినప్పుడు రెండో తరగతిలో ఉంది. మూడో తరగతంతా టీవీలో టీశాట్, యాదగిరి ఛానల్ పాఠాలతోనే గడిచింది. నిన్న పాత బూట్లు తొడిగి చూస్తే మడమ కూడా లోపలికి పోలేదు.

ఈ 2021లో ఈ వయసు పిల్లలకు కరోనా టీకా ఇంకా రాలేదు. మా అత్తమ్మకు షుగర్. కోవిషీల్డ్ మొదటి డోసే అయింది, ఇప్పటి (2021) లెక్క ప్రకారం రెండోదానికి 84 రోజులు నిండాలి. పాపేమో రోజూ నానమ్మ పక్కనే, ఆమె కొంగు పట్టుకుని పడుకుంటుంది. బడికి పోయినంత కాలం వేరుగా పడుకోబెట్టాలా? ఆ మాట ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

బట్ట మాస్కు పెట్టి ఇంట్లోనే అలవాటు చేస్తున్నా. పావుగంటకే చెమట అంటూ గడ్డం కిందికి లాగేస్తోంది. మీ పిల్లలకు ఎలా అలవాటు చేశారు? తడిస్తే మార్చడానికి రోజుకు ఎన్ని పంపాలి?

నా టెన్షన్ అంతా మధ్యాహ్న భోజనం దగ్గరే. అందరూ మాస్కులు తీసి పక్కపక్కనే కూర్చుంటారు కదా. డబ్బా కట్టి పంపితే తనొక్కతే విడిగా తినాల్సి వస్తుందని మనసొప్పట్లేదు. పంతులమ్మను ఏం అడగమంటారు?

ఇంకోటి, ఒత్తులు బాగా మరిచిపోయింది. ఉన్న ఈ కొద్ది రోజుల్లో ముందు చదివించాలా, రాయించాలా? టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.