క్వాంట్జ్ గొప్పదనమంతా రాజుగారి చలవేనా?

వేణుపిచ్చి:
ఫ్లూట్ మొదలుపెట్టి ఏడాదైంది. మా టీచర్ క్వాంట్జ్ అనే పాతకాలపు జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు రాసిన ఫ్లూట్ పాఠాల పుస్తకం చదవమంటున్నారు. ఎక్కడ వెతికినా "ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కి గురువు" అన్న మాటే కనిపిస్తోంది. ఆ శిష్యుడు లేకపోతే ఈయన్ని ఎవరైనా తలుచుకునేవారా? 1752 నాటి పుస్తకం నాకేం పనికొస్తుందండీ?

పాతగాలి:
రాజు దొరకడం అదృష్టమే, కాదనను. కానీ ఎవరు ఎవరి కోసం ఆగారో చూడండి. 1728 నుంచి క్వాంట్జ్ డ్రెస్డెన్‌లో సాక్సనీ పాలకుడి కొలువులో ఉంటూనే, అప్పుడప్పుడు వచ్చి, అప్పటికింకా యువరాజైన ఫ్రెడరిక్‌కి పాఠం చెప్పి వెళ్లేవారు. ఫ్రెడరిక్ రాజయ్యాక, 1741లో, ఏడాదికి 2,000 టాలర్లు (వెండి నాణేలు) జీవితాంతం ఇస్తానని పిలిపించుకున్నాడు. చేసిచ్చిన ఒక్కో ఫ్లూట్‌కి ఇంకో 100 డుకాట్లు (బంగారు నాణేలు)! కచేరీలో రాజు వాయిస్తుంటే "బ్రావో" అనే హక్కు ఈయన ఒక్కరికే ఉండేదట.

ఇంతకీ ఆయన కమ్మరి కొడుకు. 1697లో గొట్టింగెన్ దగ్గర ఒబర్‌షేడెన్‌లో పుట్టారు. తండ్రి కొలిమి దగ్గరే కూర్చోబెట్టాలనుకున్నాడు. ఆయన పోయాక పిల్లవాడు మెర్సెబుర్గ్‌లో బాబాయి దగ్గర చేరి వయొలిన్, ఓబో, ట్రంపెట్ అన్నీ పట్టాడు. ఫ్లూట్‌ని గట్టిగా పట్టుకుంది మాత్రం 22 ఏళ్లప్పుడు, అదీ బుఫార్డాఁ అనే ఫ్రెంచ్ ఫ్లూట్ విద్వాంసుడి దగ్గర నాలుగే నెలలు. నేను 30 దాటాక మొదలుపెట్టాను, అందుకే ఈ ముక్క నాకు ఇష్టం.

నాలుకమొద్దు:
పుస్తకంలో వేళ్ల పట్టికలు వదిలేయండి. అవి ఆయన రెండు మీటల ఫ్లూట్‌కి. డి షార్ప్‌కి ఒకటి, ఇ ఫ్లాట్‌కి ఒకటి! మనం ఇప్పుడు వాయించే బోమ్ రకం ఫ్లూట్‌లో ఆ రెండూ ఒకే మీట. ఊదేటప్పుడు నాలుకతో ఏ అక్షరాలు పలకాలో చెప్పే అధ్యాయం మాత్రం వదలకండి: నెమ్మది స్వరాలకి తి, ది, తర్వాత తిరి, బాగా వేగం కావాలంటే దిడ్ల్. లయ విషయం ఇంకా సరదా. అప్పటికి మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) లేదు కదా, మధ్యాహ్నం భోంచేసి హుషారుగా ఉన్న మనిషి నాడిని కొలతగా పెట్టారు, నిమిషానికి సుమారు 80.

వేణుపిచ్చి:
ఇప్పుడే దిడ్ల్ ప్రయత్నించా. ఉమ్మి తప్ప స్వరం రాలేదు. ఎన్నాళ్లు పడుతుందండీ?

నాలుకమొద్దు:
నాకు మూడు నెలలు. ముందు ఫ్లూట్ పక్కన పెట్టి, ఊరికే నోటితో అనండి.